చెక్ ఇంజన్ లైటు వెలిగితే: కోడ్ చదవడం మొదలుకొని అసలు లోపం తేల్చేదాకా

"పీ0171 వచ్చింది, ఏ పార్టు మార్చాలి?" "ఆక్సిజన్ సెన్సర్ కోడ్ వచ్చిందని కొత్త సెన్సర్ వేయించాను, నాలుగు రోజులకే లైటు మళ్లీ వెలిగింది, ఎందుకు?" కారు ఉన్నవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఈ రెండే. రెండింటికీ మూలం ఒక్కటే అపోహ. ఇంజన్ కంప్యూటరు చెడిపోయిన పార్టు పేరు చెప్పదు. తాను ఎదురుచూసిన విలువకూ తనకు అందిన విలువకూ పొంతన కుదరలేదని మాత్రమే చెబుతుంది. ఆ తేడా సెన్సర్‌లో ఉందా, దాని వైరులో ఉందా, లేక సెన్సర్ నిజమే చెబుతుంటే ఇంజన్‌లోనే ఉందా అన్నది కొలిచి తేల్చవలసిన పని. ఆ పనిని ఇంటి దగ్గర ఎంతవరకు, ఏ వరుసలో చేసుకోవచ్చో కింద వివరించాను.

ఇది ప్రధానంగా పెట్రోల్ కార్ల కోసం రాసినది. భారతదేశంలో నాలుగు చక్రాల వాహనాలకు ఓబీడీ-2 (కారు తన లోపాలను తానే గమనించి కోడ్‌గా చూపే వ్యవస్థ) నిబంధన 2013 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది కనుక, ఆ తర్వాత తయారైన కార్లకు ఇందులోని పద్ధతి వర్తిస్తుంది. డీజిల్ కార్లలోనూ కోడ్ చదివే తీరు ఇదే. అయితే కామన్ రైల్ ఇంజన్‌లో ఇంధనం వెయ్యి బార్‌కు మించిన ఒత్తిడితో ఉంటుంది కాబట్టి, ఇంజెక్టర్లకు వెళ్లే ఇనుప గొట్టాలను ఇంటి దగ్గర ఎంతమాత్రం వదులు చేయవద్దు. సన్నని ధార తగిలినా అది చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది.

కావలసినవి

- ఓబీడీ స్కానర్, లేదా ఫోనుకు కలిసే ఈఎల్‌ఎం 327 రకం అడాప్టర్. ఆండ్రాయిడ్ ఫోనుకు మామూలు బ్లూటూత్ అడాప్టర్ సరిపోతుంది. ఐఫోన్ అయితే వైఫై అడాప్టరో, బ్లూటూత్ ఎల్‌ఈ రకమో తీసుకోవాలి.
- డిజిటల్ మల్టీమీటరు. బల్బు పెట్టి చూసే టెస్ట్ ల్యాంప్‌ను కంప్యూటర్ వైర్ల మీద వాడకూడదు. అది లాగే కరెంటుకు లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు.
- కనెక్టర్ వెనుక వైపు నుంచి లోపలికి దూర్చడానికి సన్నని పిన్నులు, టార్చి, ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్, సరైన ఆంపియర్ల ఫ్యూజులు కొన్ని.
- మీ మోడల్‌కు, మీ సంవత్సరానికి చెందిన వైరింగ్ పటం. దొరికితే సగం పని తేలికవుతుంది.
- ఒక నోటు పుస్తకం, పెన్ను. ఇవి లేకుండా మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

పని మొదలుపెట్టే ముందు కారును గాలి ఆడే చోట నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో గానీ పార్క్‌లో గానీ ఉంచండి. మూసిన షెడ్డులో ఇంజన్ నడపడం ప్రాణాంతకం. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగులవి, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజీవి. ఈ రెండింటి జోలికి వెళ్లకండి. ఇంజన్ ఆగి ఉన్నా రేడియేటర్ ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగవచ్చు కనుక చేతులు, చున్నీలు, కండువాలు దానికి దూరంగా ఉంచుకోండి.

1. లైటు ఎలా వెలుగుతోందో గమనించండి

నిలకడగా వెలిగితే బండిని జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకోవచ్చు. మిణుకుమిణుకుమంటూ ఆరి వెలుగుతుంటే మాత్రం ఏదో ఒక సిలిండర్ మండకుండా వదిలేస్తోందని, మండని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోయి పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను విపరీతంగా వేడెక్కిస్తోందని అర్థం. అప్పుడు యాక్సిలరేటర్ వదిలి, వేగం తగ్గించి, వీలైన చోట ఆపండి. ఎర్ర రంగు ఆయిల్ లైటో, ఉష్ణోగ్రత లైటో కూడా తోడైతే ఇంజన్ అక్కడికక్కడే ఆపేయాలి.

2. ముందుగా బ్యాటరీ సంగతి తేల్చండి

ఈ అడుగు చాలామంది దాటవేస్తారు. వోల్టేజీ తగ్గితే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేస్తాయి. అప్పుడు సంబంధం లేని పది కోడ్‌లు ఒక్కసారిగా పడతాయి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ టెర్మినళ్ల మధ్య 12.4 వోల్టులకు తగ్గకూడదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజన్ నడుస్తుండగా 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొన్ని కొత్త కార్లలో బ్యాటరీ నిండాక ఛార్జింగ్‌ను కంప్యూటరే తగ్గిస్తుంది కాబట్టి, 12.8 కనిపించినంత మాత్రాన ఆల్టర్నేటర్ పోయిందని అనుకోకండి. హెడ్‌లైట్లు, ఏసీ వేసి మళ్లీ కొలవండి.

ఇంకో కొలత కూడా తీసుకోండి. మీటరు ఒక పుల్ల బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద, రెండోది ఇంజన్ ఇనుము మీద పెట్టి, ఇంకొకరి చేత సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఇంజన్ ఎర్త్ పట్టీ వదులైందో, దాని కింద చిలుము పట్టిందో చూడాలి. బోల్టు విప్పి, గరుకు కాగితంతో రుద్ది బిగించడానికి పది నిమిషాలు పడుతుంది. అంతులేని కోడ్‌లు దానితోనే పోయిన బండ్లు నేను చూశాను.

3. స్కానర్ కలపండి

స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. తాళం ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా అడాప్టర్ గుచ్చండి. బ్లూటూత్ రకానికి పాస్‌వర్డ్ సాధారణంగా 1234 లేదా 0000.

కలవకపోతే కారును అనుమానించేముందు అడాప్టర్‌ను మరో కారులో పెట్టి చూడండి. చవక అడాప్టర్లు కొన్ని పాత ప్రోటోకాళ్లతో మాట్లాడలేవు. అడాప్టర్ మీద లైటే వెలగకపోతే ఫ్యూజు చూడండి. చాలా కార్లలో సిగరెట్ లైటర్ సాకెట్‌కూ దీనికీ ఒకే ఫ్యూజు ఉంటుంది. సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ వోల్టేజీ, 4, 5 పిన్నులకు ఎర్త్ రావాలి. కరెంటు ఉన్నా మాట కలవకపోతే బ్యాటరీ మైనస్ తీసి 6, 14 పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. చాలా కార్లలో 60 ఓమ్‌ల దగ్గర ఉండాలి. 120 వస్తే క్యాన్ లైన్ (కంప్యూటర్లు మాట్లాడుకునే జంట వైర్లు) ఒక చివర తెగిందని, దాదాపు సున్నా వస్తే రెండు వైర్లు ఎక్కడో కలిశాయని అనుకోవాలి. అయితే బ్యాటరీ తీసేముందు కోడ్‌లు చదివే మరో మార్గం ఉంటే అదే చేయండి. బ్యాటరీ తీస్తే చాలా కార్లలో కోడ్‌లూ పోతాయి.

4. అన్నీ రాసుకోండి, ఏదీ చెరపకండి

ఈ పనిలో జరిగే తప్పుల్లో ఎక్కువ నష్టం చేసేది ఇక్కడ జరుగుతుంది. స్కానర్ తెరమీద "క్లియర్" బటన్ కనబడగానే వేలు దాని మీదికి పోతుంది. అది నొక్కితే కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చెరిగిపోతుంది. లోపం పట్టుబడిన క్షణంలో ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎం మీద ఉంది, బండి ఎంత వేగంతో పోతోంది, కూలెంట్ ఎంత వేడిగా ఉంది, ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచింది లేదా తగ్గించింది అన్న లెక్క) ఎంత అన్న వివరాలు అందులో నిలిచి ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు పడిన కోడ్ వేరు, గంటకు 90 కిలోమీటర్ల వేగంతో హైవే మీద పడిన కోడ్ వేరు. ఆ తేడా చెప్పే సాక్షి ఫ్రీజ్ ఫ్రేమ్ ఒక్కటే.

స్థిరపడిన కోడ్‌లు, పెండింగ్ కోడ్‌లు, ఫ్రీజ్ ఫ్రేమ్, కిలోమీటర్ల రీడింగ్, తేదీ, ఆ రోజు పోయించిన ఇంధనం అన్నీ రాసుకోండి. తెర ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది. పెండింగ్ కోడ్ అంటే ఒక్కసారి అనుమానం వచ్చింది, రెండో ప్రయాణంలోనూ అదే కనిపిస్తే లైటు వెలుగుతుంది అని. లైటు వెలగకముందే దాన్ని పట్టుకుంటే పని తేలిక.

5. కోడ్‌ను విడదీసి చదవండి

మొదటి అక్షరం పీ అయితే ఇంజన్, గేరుబాక్స్. సీ అయితే బ్రేకులు, స్టీరింగ్ వంటివి. బీ అయితే ఎయిర్‌బ్యాగులు, ఏసీ వంటి బాడీ వ్యవస్థలు. యూ అయితే కంప్యూటర్ల మధ్య సంభాషణ. పీ తర్వాతి అంకె సున్నా అయితే ఆ కోడ్‌కు అన్ని కంపెనీల కార్లలోనూ ఒకే అర్థం. ఒకటి అయితే అది కంపెనీ సొంత కోడ్ కనుక, ఫోను యాప్ చూపించే అర్థం నమ్మకుండా ఆ కంపెనీ సర్వీస్ పుస్తకంలోనే చూడాలి.

అంతకంటే ముఖ్యం, కోడ్ ఏ జాతిదో గుర్తించడం. "సర్క్యూట్ లో" (తక్కువ), "సర్క్యూట్ హై" (ఎక్కువ) అనేవి కేవలం వోల్టేజీ గురించి చెబుతాయి. "రేంజ్, పెర్ఫార్మెన్స్" అనేవి వైరు బాగానే ఉన్నా సెన్సర్ చెప్పే విలువ మిగతా సెన్సర్లతో పొసగడం లేదని చెబుతాయి. గాలి, పెట్రోల్ మిశ్రమం పలచబడటం, సిలిండర్ మండకపోవడం, కన్వర్టర్ సామర్థ్యం తగ్గడం వంటివి మొత్తం వ్యవస్థ తీరుపై తీర్పులు. వీటికి పదుల కారణాలు ఉంటాయి.

"హై" అన్న మాట దగ్గర బోల్తా పడేవాళ్లు చాలామంది. పీ0118 అంటే కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్ సర్క్యూట్ హై. ఇంజన్ వేడెక్కిపోయిందని దీన్ని అర్థం చేసుకుని థర్మోస్టాట్ మార్చినవాళ్లు ఉన్నారు. అక్కడ హై అయినది వోల్టేజీ, ఉష్ణోగ్రత కాదు. వైరు తెగితే కంప్యూటర్ పంపిన 5 వోల్టులు అలాగే నిలిచిపోతాయి. అప్పుడు స్కానర్‌లో ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలని కనిపిస్తుంది. మే నెలలో రామగుండంలో మైనస్ 40 కనిపిస్తే అది తెగిన వైరో, ఊడిన కనెక్టరో, లోపల తెగిన సెన్సరో అయి ఉండాలి.

కోడ్‌లు చాలా ఉంటే ముందు వోల్టేజీ కోడ్‌లు, తర్వాత యూ కోడ్‌లు, తర్వాత సర్క్యూట్ కోడ్‌లు, ఆ తర్వాత సిలిండర్ మండని కోడ్‌లు, తర్వాత మిశ్రమానివి, అన్నిటికంటే చివర పీ0420 (కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందనే కోడ్) అనే వరుసలో చూడండి. మొదటివి సరిచేస్తే చివరివి వాటంతట అవే పోవడం మామూలే.

6. మీటరు కంటే ముందు కళ్లతో వెతకండి

బానెట్ ఎత్తి, కోడ్ సూచించిన సెన్సర్ నుంచి వైరు ఎటు పోతోందో టార్చి వేసి వెంట వెళ్లండి. మన ప్రాంతంలో మొదటి అనుమానితులు ఎలుకలు. నాలుగు రోజులు కదలని బండిలో, ముఖ్యంగా వానాకాలంలో, వెచ్చదనం కోసం చేరి వైర్లను కొరికేస్తాయి. ఇంజన్ మీద ధాన్యపు పొట్టు, కొబ్బరి పీచు, గుడ్డ పేలికలు కనిపిస్తే ఆ చుట్టుపక్కల ప్రతి వైరునూ వేళ్లతో తడిమి చూడండి. తర్వాతి అనుమానం, హారన్, ఫాగ్ లైట్లు, రివర్స్ కెమెరా బయట బిగించినప్పుడు అసలు వైరింగ్‌ను కోసి టేపు చుట్టిన చోట్లు. మూడోది వరద నీళ్లలో మునిగిన కనెక్టర్లు. విప్పితే లోపల పచ్చటి చిలుము కనిపిస్తుంది.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు సరిగా పడ్డాయా, దాని నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు గొట్టం చీలిందా, సన్నని వాక్యూమ్ గొట్టం ఏదైనా ఊడిందా అన్నవి కూడా ఇప్పుడే చూడండి. సర్వీసింగ్ అయిన మర్నాడే లైటు వెలిగితే ముందు చూడవలసినవి ఇవే.

7. లైవ్ డేటాను చల్లని ఇంజన్‌తో మొదలుపెట్టండి

రాత్రంతా ఆగిన బండిలో పొద్దున్నే తాళం మాత్రం ఆన్ చేసి చూస్తే కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత, బయటి వాతావరణం ఐదారు డిగ్రీల తేడాలో ఉండాలి. ఒకటి మాత్రం దూరంగా ఉంటే ఆ సెన్సర్‌ను అనుమానించవచ్చు. అదే సమయంలో మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోని పీడనాన్ని కొలిచేది) వాతావరణ పీడనాన్ని చూపించాలి. నెల్లూరు, విశాఖపట్నం వంటి తీర ప్రాంతాల్లో అది 100 కిలోపాస్కళ్ల దగ్గర ఉంటుంది. సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాదులో 95 దగ్గర ఉండటమే సరైనది. ఈ తేడా తెలియక మంచి సెన్సర్‌ను మార్చకండి.

ఇంజన్ వేడెక్కాక ఏసీ ఆపి ఐడిలింగ్‌లో చూస్తే మ్యాప్ విలువ ఇంచుమించు 30 నుంచి 40 కిలోపాస్కళ్ల మధ్య, కూలెంట్ 85 నుంచి 105 డిగ్రీల మధ్య ఉండాలి. ముందరి ఆక్సిజన్ సెన్సర్ మామూలు రకమైతే 0.1, 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగుతుంది, కన్వర్టర్ తర్వాతిది నిలకడగా ఉంటుంది. మీ కారులో ముందరిది వైడ్‌బ్యాండ్ రకమైతే ఈ ఊగులాట కనిపించదు. అది లోపం కాదు.

8. సర్క్యూట్‌ను కొలవండి

సర్క్యూట్ కోడ్ వచ్చిన సెన్సర్ కనెక్టర్ విప్పి, తాళం ఆన్ చేసి కొలవండి. మూడు వైర్ల సెన్సర్లలో ఒకదానికి 5 వోల్టులు, ఒకదానికి ఎర్త్ రావాలి, మూడోది సంకేతం. ఎర్త్‌ను వోల్టులలో కొలవడం మేలు. కనెక్టర్ తిరిగి పెట్టి, వెనుక వైపు నుంచి పిన్ను దూర్చి, ఆ వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య చూస్తే 0.1 వోల్టు దాటకూడదు. నూరు పోగులలో ఒక్క పోగు మిగిలిన వైరు కూడా ఓమ్‌ల కొలతలో బాగున్నట్టే కనిపిస్తుంది. వోల్టేజీ కొలతలో మాత్రం దొరికిపోతుంది.

రెండు వైర్ల ఉష్ణోగ్రత సెన్సర్‌కు ఇంకా తేలికైన పరీక్ష ఉంది. స్కానర్ చూస్తూ కనెక్టర్ ఊడదీయండి, మైనస్ 40 రావాలి. కనెక్టర్‌లోని రెండు పిన్నులను చిన్న వైరుతో కలపండి, విలువ 120 పైకి ఎగబాకాలి. రెండూ జరిగితే వైరింగ్, కంప్యూటర్ బాగున్నట్టే, సెన్సర్ మార్చవచ్చు. ఒకటి జరగకపోతే సెన్సర్ కొనవద్దు. ఈ కలపడం 5 వోల్టుల రెండు వైర్ల సెన్సర్లకు మాత్రమే. మూడు వైర్ల వాటి మీద ఎప్పుడూ చేయవద్దు.

ఒకసారి మా బండిలో పీ0107, పీ0122 ఒకేసారి పడ్డాయి. మ్యాప్, థ్రాటిల్ సెన్సర్లు రెండూ "లో" అన్నమాట. ఒక గ్యారేజీలో ఇంజన్ కంప్యూటర్ పోయిందని తేల్చి, కొత్తది వేయాలన్నారు. రెండు సెన్సర్లు ఒకే రోజు చెడిపోవడం నమ్మశక్యంగా అనిపించక మీటరు పెట్టాను. రెండింటికీ 5 వోల్టులు రావడం లేదు. ఆ 5 వోల్టుల లైను చాలా సెన్సర్లకు ఉమ్మడిగా పోతుంది. అందుకని మీటరును అక్కడే ఉంచి, ఆ లైను మీద ఉన్న ఒక్కో కనెక్టర్ ఊడదీస్తూ పోయాను. ఏసీ ప్రెషర్ సెన్సర్ తీయగానే 5 వోల్టులు తిరిగి వచ్చాయి. ఆ సెన్సర్ లోపల షార్ట్ అయి అందరి కరెంటునూ తినేసింది. ఏ కోడూ దాని పేరు చెప్పలేదు. అందుకే ఒకేసారి రెండు మూడు సెన్సర్ల కోడ్‌లు పడితే, వాటికి ఉమ్మడిగా ఉన్నదేమిటో వైరింగ్ పటంలో ముందు చూడమంటాను.

కొలత కోసం వైరు తొడుగును సూదితో పొడవడం చెడ్డ అలవాటు. ఆ రంధ్రంలో నుంచి వాన నీరు దిగి, ఆరు నెలల్లో లోపలి రాగి చిలుము పట్టి తెగుతుంది. కనెక్టర్ ముందు వైపు నుంచి లావు పుల్ల దూర్చినా లోపలి పట్టు వదులైపోయి కొత్త లోపం పుడుతుంది.

9. తరచూ వచ్చే మూడు కోడ్‌లు

పీ0171, అంటే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. ఇక్కడ దారి చూపించేది ఫ్యూయల్ ట్రిమ్. తక్షణ ట్రిమ్‌నూ దీర్ఘకాలిక ట్రిమ్‌నూ కలిపి చూడాలి. ఒకటి 8, ఇంకొకటి 14 ఉంటే కంప్యూటర్ మొత్తం మీద 22 శాతం పెట్రోల్ అదనంగా పోస్తోందని అర్థం. కలిపితే ప్లస్ లేదా మైనస్ 10 లోపల ఉంటే భయపడనక్కర్లేదు. పెట్రోల్‌లో ఇథనాల్ శాతం పెరిగినప్పుడు, దానిలోని ఆక్సిజన్ వల్ల, పాత కార్లలో ట్రిమ్ నాలుగైదు శాతం ప్లస్ వైపు జరగడం సహజం.

ఇప్పుడు ఇదే మొత్తాన్ని ఐడిలింగ్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి ఇంకోసారి రాసుకోండి. ఐడిలింగ్‌లో ఎక్కువగా ఉండి 2500 దగ్గర తగ్గితే, లెక్కలోకి రాని గాలి ఎక్కడో చొరబడుతోంది. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ప్యాకింగ్, బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిరిని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపేది) చూడాలి. ఐడిలింగ్‌లో బాగుండి, బరువు పడినప్పుడు పెరిగితే ఇంధనం చాలడం లేదు. ఫిల్టర్, పంపు, ఇంజెక్టర్ల వైపు వెళ్లాలి, ప్రెషర్ గేజ్ ఉన్న మెకానిక్ చేత కొలిపించాలి. ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న కార్లలో ఆ సెన్సర్ తీగ మీద దుమ్ము పేరుకున్నా ఇలాగే కనిపిస్తుంది. దానికోసమే తయారైన క్లీనర్‌తో కడగండి, కార్బ్యురేటర్ క్లీనర్ వాడకండి, గుడ్డతో తుడవకండి. మ్యాప్ సెన్సర్ మాత్రమే ఉన్న చిన్న కార్లలో ఒక చిక్కు ఉంది. వాటిలో గాలి చొరబడితే మ్యాప్ విలువ కూడా పెరిగి కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోల్ పోస్తుంది కాబట్టి, ట్రిమ్ కంటే ఐడిలింగ్ వేగం పెరగడమే ముందు కనిపిస్తుంది.

గాలి చొరబడే చోటు కనుక్కోవడానికి వేడి ఇంజన్ మీద పెట్రోల్, స్ప్రే క్లీనర్ చల్లే అలవాటు మంటలకు దారి తీస్తుంది. స్ప్రే సీసాలో మంచినీళ్లు పోసి, కాయిళ్లు, కనెక్టర్లు తడవకుండా, అతుకుల దగ్గర కొద్దికొద్దిగా చల్లండి. ఐడిలింగ్ మారిన చోటే దొంగ ఉన్నాడు. పొగ యంత్రం ఉన్న గ్యారేజీ దగ్గరలో ఉంటే అంతకంటే మంచి పద్ధతి లేదు.

ముందరి ఆక్సిజన్ సెన్సర్‌ను తప్పుపట్టేముందు దాన్ని ఒక్కసారి పరీక్షించండి. వేడి ఇంజన్‌లో యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కి వదిలితే మామూలు రకం సెన్సర్ 0.8 వోల్టులు దాటి, వదలగానే 0.1 దగ్గరికి పడాలి. అలా స్పందిస్తే అది నిజమే చెబుతోంది, దాన్ని మార్చి ప్రయోజనం లేదు. ఆ సెన్సర్‌కు ముందున్న సైలెన్సర్ గొట్టంలో పగులు ఉంటే మాత్రం బయటి గాలి పీల్చి, మంచి సెన్సర్ కూడా తప్పు చెబుతుంది. బయట బిగించిన సీఎన్‌జీ కిట్ ఉంటే ఈ పరీక్షలన్నీ పెట్రోల్ మీద రెండు మూడు రోజులు నడిపాకే చేయండి.

పీ0301 నుంచి పీ0304 వరకు, ఆ సంఖ్య గల సిలిండర్ మండటం లేదని. ప్రతి ప్లగ్గు మీద విడి కాయిల్ ఉన్న ఇంజన్‌లో పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. పీ0302 వచ్చిందనుకోండి, ఇంజన్ ఆపి, రెండో సిలిండర్ కాయిల్‌ను మూడో దానికి, మూడో దాన్ని రెండో దానికి మార్చండి. కోడ్ చెరిపి నడిపితే పీ0303 వచ్చిందంటే కాయిల్‌దే తప్పు. కోడ్ కదలకపోతే ఇదే విధంగా ప్లగ్గులు మార్చి చూడండి. అయినా కదలకపోతే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్. రెండింటినీ ఒకేసారి మార్చితే ఏది దోషో తెలియదు. రెండు సిలిండర్లకు ఒకే కాయిల్ ఉన్న ఇంజన్లలో 1, 4 గానీ 2, 3 గానీ జంటగా పడితే ఆ ఉమ్మడి కాయిల్‌ను చూడాలి. నడుస్తున్న ఇంజన్‌లో కాయిల్ ఊడదీసే పాత అలవాటు మానండి, షాక్ కొడుతుంది.

పీ0420 వస్తే కన్వర్టర్ కొనడానికి తొందరపడకండి. దానిలో ప్లాటినం, పల్లేడియం, రోడియం వంటి లోహాలు ఉంటాయి కనుక ధర మోయలేనిది. సైలెన్సర్ గొట్టం కారడం లేదని, సిలిండర్లన్నీ మండుతున్నాయని, ట్రిమ్ సరిగా ఉందని ముందు రూఢి చేసుకోండి. ఇవన్నీ బాగుండి, వేడి ఇంజన్‌ను 2500 దగ్గర నిలిపినప్పుడు వెనుక సెన్సర్ కూడా ముందరి దానిలాగే ఊగుతుంటే, అప్పుడు కన్వర్టర్ అలిసిపోయిందని ఒప్పుకోవచ్చు. దాన్ని పాడుచేసిన కారణం, మండని సిలిండరో ఇంజన్ తాగే ఆయిలో, సరిచేయకుండా కొత్తది వేస్తే అదీ అదే దారి పడుతుంది.

10. బాగుపడిందని నిర్ధారించుకోండి

ఇప్పుడు కోడ్ చెరపండి, తాళం ఆన్, ఇంజన్ ఆఫ్ స్థితిలో. లైటు ఆరినంత మాత్రాన బాగుపడినట్టు కాదు. చెరిపినప్పుడు కంప్యూటర్ తన స్వీయ పరీక్షల ఫలితాలను కూడా మరిచిపోతుంది, వాటిని మళ్లీ పూర్తి చేసేదాకా దానికి ఏమీ తెలియదు. స్కానర్‌లో "రెడీనెస్" లేదా "మానిటర్స్" అన్న చోట ఆ వివరం ఉంటుంది.

చల్లని ఇంజన్‌ను స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి, తర్వాత ఇరవై నిమిషాల పాటు గంటకు 50 నుంచి 80 కిలోమీటర్ల మధ్య నిలకడగా నడపండి. మధ్యమధ్య బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలి బండిని దానంతట అది నెమ్మదించనివ్వండి. ట్యాంకు పూర్తిగా నిండుగానో, అడుగంటిగానో ఉంటే పెట్రోల్ ఆవిరి వ్యవస్థ పరీక్ష జరగదు. ఇలా రెండు మూడు రోజులు తిరిగాక మానిటర్లు పూర్తయ్యాయా, పెండింగ్ కోడ్ ఏదైనా చేరిందా, ట్రిమ్ సున్నా దగ్గరికి వచ్చిందా చూసి, 4వ అడుగులో రాసుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ పరిస్థితుల్లోనే ఒకసారి బండి నడపండి. హైవే మీద 90 దగ్గర పడిన కోడ్ పోయిందని వీధిలో తిరిగి తేల్చలేరు. మీరు చెరపకపోయినా, మూడు వరుస ప్రయాణాల్లో లోపం కనిపించకపోతే కంప్యూటరే లైటు ఆర్పుతుంది, 40 సార్లు ఇంజన్ వేడెక్కి చల్లారాక కోడ్ కూడా తీసేస్తుంది.

మెకానిక్ దగ్గరికి వెళ్లవలసి వస్తే

ఇంజన్ కంప్యూటర్ పోయిందన్న మాట ఎవరు చెప్పినా, దానికి వచ్చే బ్యాటరీ కరెంటు, దాని ఎర్త్ వైర్లన్నీ, 5 వోల్టుల లైను కొలిచి చూపించమని అడగండి. ఈ మూడూ సరిగా ఉండీ అది పని చేయకపోతేనే దాన్ని అనుమానించాలి. పాత సామాన్ల దుకాణంలో అదే నంబరు గల కంప్యూటర్ చవకగా దొరికినా, తాళంలోని ఇమ్మొబిలైజర్‌తో (దొంగతనాన్ని అడ్డుకునే ఏర్పాటు) జత కలపకపోతే చాలా కార్లు స్టార్ట్ కావు. ఆ పని చేయగలిగే మనిషి దొరికాకే కొనండి.

వెళ్లేటప్పుడు ఒక చీటీ పట్టుకెళ్లండి. దానిపై తేదీ, కిలోమీటర్లు, కోడ్‌లు పడిన వరుస, ఫ్రీజ్ ఫ్రేమ్‌లోని ఆర్‌పీఎం, వేగం, కూలెంట్ ఉష్ణోగ్రత, ఐడిలింగ్‌లోనూ 2500 దగ్గరా కలిపిన ట్రిమ్ విలువలు, సెల్ఫ్ కొట్టినప్పటి బ్యాటరీ వోల్టేజీ, మీరు ఇప్పటికే మార్చి చూసిన పార్టులు ఉండాలి. ఏది కొలిచారో ఏది ఊహించారో విడివిడిగా రాయండి.